నేను బతికితే మోకాళ్లమీద మెట్లెక్కుతానని అమ్మ మొక్కుకుంది. ఇప్పుడేం చేయాలి?

వానకోయిల • సోమవారం, రాత్రి 10:48

నాలుగు నెలల క్రితం నాకు పెద్ద ఆపరేషన్ అయింది. ఇప్పుడు బాగానే ఉన్నాను. ఆపరేషన్ జరిగినంతసేపూ బయట బెంచీమీద కూర్చున్న అమ్మ ఒక మొక్కు మొక్కుకుందట. నేను బతికి బయటపడితే కొండమీదికి మెట్లన్నీ మోకాళ్లమీద ఎక్కి వస్తానని. ఈ సంగతి పోయిన వారం చెప్పింది.

ఏ దేవుడో, ఏ మతమో ఇక్కడ రాయను. రాస్తే మాట అటు పోతుంది, నా సంగతి మరుగున పడుతుంది.

అమ్మకు 63 ఏళ్లు. మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు రెండేళ్లుగా చెబుతున్నాడు. షుగర్ కూడా ఉంది. వద్దంటే "మాట ఇచ్చాను" అంటుంది, అంతే. నా సమస్య ఆవిడ మోకాళ్లొక్కటే కాదు. నేను బతికినందుకు ఆవిడ ఎందుకు నలగాలి? నేను అడగని బాకీ నా పేరుమీద రాసినట్టుంది. ఇలా అనుకోవడమే తప్పేమో కూడా తెలియడం లేదు.


సందేహాలరావు • సోమవారం, రాత్రి 11:05

అడగడానికేముందండీ, వద్దని గట్టిగా చెప్పండి. మనిషి మోకాళ్లు చిట్లితే సంతోషించే దేవుడెవరైనా ఉంటే ఆయనతో మనకు పనేమిటి? ఆపరేషన్ చేసింది సర్జన్. ఆయన బిల్లు కట్టేశారు కదా, లెక్క తీరిపోయింది.


పాతపుటలు • సోమవారం, రాత్రి 11:52

రావుగారూ, మీరు కోపంగా అడిగిన ప్రశ్నను మతాల లోపలివాళ్లే మీకంటే కోపంగా, ఎన్నో వందల ఏళ్ల ముందే అడిగారు. భగవద్గీత 17వ అధ్యాయం తీయండి. శాస్త్రం చెప్పని ఘోర తపస్సులతో శరీరాన్నీ, ఆ లోపలున్న నన్నూ కృశింపజేసేవాళ్లది ఆసుర నిశ్చయం అని కృష్ణుడే అంటాడు. మొండిపట్టుతో తనను తాను పీడించుకుంటూ చేసే తపస్సు తామసం అని అదే అధ్యాయంలో మళ్లీ వస్తుంది.

బుద్ధుడి కథ అందరికీ తెలిసిందే. ఆరేళ్లు ఒళ్లు ఎండగట్టుకున్నాడు. లాహోర్ మ్యూజియంలో గాంధార శిల్పం ఒకటుంది, పక్కటెముకలు, నరాలు, లోపలికి పోయిన కళ్లు, ఫొటోలో చూసినా ఒళ్లు జలదరిస్తుంది. చివరికి ఆయన సుజాత ఇచ్చిన పాయసం తిన్నాడు. అప్పుడేమైంది? వెంట ఉన్న ఐదుగురూ "ఇతను చెడిపోయాడు" అని వదిలేసి పోయారు. ఈ కథలో నాకు ఎప్పుడూ అదే ముఖ్యమనిపిస్తుంది. నొప్పి మానేస్తే పక్కవాళ్ల దృష్టిలో భక్తి తగ్గినట్టే. మానడానికి ఎక్కువ గుండె కావాలి.

అటువైపు కూడా చెప్పాలి. ఇదంతా ఏ మూలనో ఉన్న పిచ్చి కాదు. ఐదో శతాబ్దంలో సిరియాలో అలెప్పో దగ్గర సిమియోన్ అనే సన్యాసి 36 ఏళ్లకు పైగా ఒక స్తంభం మీదే బతికాడు. 459లో ఆయన పోయాక ఆ స్తంభం చుట్టూ పెద్ద చర్చి కట్టారు, శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. జైన సాధువులు ఈనాటికీ తల వెంట్రుకలు చేత్తోనే పీక్కుంటారు. ఇప్పటి మెక్సికోలో మాయా నాగరికత కాలపు యాష్‌చిలాన్ అనే రాజ్యంలో రాణి ముళ్ల తాడును నాలుకలోంచి లాగుతున్న రాతిపలక ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఒకరితో ఒకరికి పరిచయమే లేని జనం అందరూ ఇదే దారి పట్టారంటే మనిషిలో ఏదో ఉంది. బిల్లు కట్టేశాం అంటే తీరేది కాదు.


సందేహాలరావు • మంగళవారం, ఉదయం 7:10

అందరూ చేశారు కాబట్టి సరే అంటారా? అందరూ యుద్ధాలు కూడా చేశారు.


పాతపుటలు • మంగళవారం, ఉదయం 7:31

సరే అనలేదు బాబూ. కొట్టిపారేయొద్దన్నాను. పొద్దున్నే కాఫీ తాగి రండి.


నర్సక్క • మంగళవారం, మధ్యాహ్నం 2:15

డ్యూటీ మధ్యలో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

వానకోయిల గారూ, దేవుడి సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారు, నేను మోకాళ్ల సంగతి చెబుతా. షుగర్ ఎన్నేళ్లుగా ఉంది? పాదాలు తిమ్మిరిగా, దూది మీద నడిచినట్టు ఉంటున్నాయని ఎప్పుడైనా అన్నారా? చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లకు నరాలు మొద్దుబారతాయి. చర్మం చీరుకుపోయినా తెలియదు. తెలిసేసరికి పుండు అవుతుంది, అది త్వరగా మానదు. మామూలు మనిషికి నొప్పి "ఇక ఆపు" అని చెబుతుంది. ఆవిడకు చెప్పేవాడు సగం నిద్రలో ఉన్నట్టు. మా దగ్గరికి కాలివేలు నల్లబడి వచ్చేవాళ్లలో సగంమంది "నొప్పే లేదమ్మా" అంటూనే వస్తారు.

ఫిలిప్పీన్స్‌లో పంపాంగా దగ్గర గుడ్ ఫ్రైడే నాడు కొందరు శిలువకు నిజంగానే మేకులు కొట్టించుకుంటారు. అక్కడి బిషప్పులు వద్దనే చెబుతారు. ఆరోగ్యశాఖ మాత్రం వద్దంటూనే, తప్పదంటే ముందే టెటనస్ ఇంజెక్షన్ వేయించుకోండి, కొరడాలు శుభ్రంగా ఉంచుకోండి అని చెప్పింది. మొదట చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత, నేనైనా అదే చెబుతాను కదా అనిపించింది.


బాటసారి72 • మంగళవారం, రాత్రి 9:20

చేసినవాడిగా ఒక మాట. మలేషియాలో ఉద్యోగం చేసిన రోజుల్లో బాటు గుహల మురుగన్ గుడి దగ్గర తైపూసం పండగకి నేను కావడి ఎత్తాను. 48 రోజులు ఒంటిపూట తిండి, నేలమీద పడక. ఆరోజు చెంపల్లోంచి వేల్, అంటే చిన్న శూలం, గుచ్చించుకుని, 272 మెట్లు ఎక్కాను. మా అబ్బాయికి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి, వాడికోసం మొక్కు.

నొప్పి లేదని అబద్ధం చెప్పను. గుచ్చిన క్షణం ఉంది. ఆ తర్వాత డప్పులు, జనం, ఎండ, అరుపులు, మన ఒంట్లో మనం లేనట్టు అయిపోతుంది. పైకి చేరాక ఏడ్చాను. ఆరోగ్యం, డబ్బు, పిల్లాడి భయం, అన్నీ ఒక్కసారి దిగిపోయినట్టనిపించింది. అంత తేలిక మళ్లీ ఎప్పుడూ కాలేదు.

మీ అమ్మగారి సంగతి నాకిలా తోస్తుంది. ఆ రోజు ఆ బెంచీమీద ఆవిడ చేతిలో ఏముంది? లోపల డాక్టర్లున్నారు, మందులున్నాయి, మెషిన్లున్నాయి. బయట ఆవిడకు తన ఒళ్లు తప్ప ఇంకేమీ లేదు. ఉన్నదాన్నే పందెం పెట్టింది. మీరు వద్దంటే మోకాళ్లు కాపాడినట్టు మీకనిపిస్తుంది. ఆవిడకేమో ఆ రోజు నువ్వు చేసిందేమీ లేదు పో అన్నట్టు వినిపిస్తుంది.


వానకోయిల • మంగళవారం, రాత్రి 9:58

బాటసారి గారూ, ఈ మాట చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. నేను ఆ బెంచీవైపునుంచి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఒకటి అడగనా? మీ అబ్బాయి ఏమన్నాడు?


బాటసారి72 • మంగళవారం, రాత్రి 10:40

అడుగుతారేమో అనుకున్నాను.

అప్పుడు వాడికి ఆరేళ్లు, ఏమీ తెలియదు. ఇరవయ్యేళ్లు వచ్చాక ఇంట్లో ఏదో గొడవలో "నీకోసం ఒళ్లు గుచ్చుకున్నాన్రా" అన్నాను. వాడు "నేను అడిగానా నాన్నా?" అన్నాడు. వేల్ ఆ సాయంత్రమే తీసేశారు. ఈ మాట మాత్రం ఇంకా గుచ్చుకునే ఉంది.

కావడి ఎత్తినందుకు బాధపడను. ఆరోజు ఆ మాట అన్నందుకు బాధపడతాను.


తెల్లకాగితం • బుధవారం, ఉదయం 6:05

అస్సలాము అలైకుం అందరికీ. మా వైపునుంచి రెండు సంగతులు.

బుఖారీ హదీసుల్లో, అంటే ప్రవక్త మాటలు, పనులు రాసి ఉంచిన సంకలనంలో, ఒకటుంది. ఒక ముసలాయన ఇద్దరు కొడుకుల భుజాలమీద చేతులేసి ఈడ్చుకుంటూ వస్తుంటాడు. ఏమిటిదని ప్రవక్త అడిగితే, నడిచి వెళ్తానని మొక్కుకున్నాడని చెబుతారు. "ఈయన తనను తాను హింసించుకోవడం అల్లాకు అవసరం లేదు" అని, వాహనం ఎక్కమన్నారు. ఇంకొకాయన ఎండలో నిలబడే ఉంటాను, కూర్చోను, నీడకు పోను, ఎవరితో మాట్లాడను, ఉపవాసం ఉంటాను అని మొక్కుకున్నాడు. ఆయనకు వచ్చిన జవాబు చూడండి: మాట్లాడమనండి, నీడకు రమ్మనండి, కూర్చోమనండి, ఉపవాసం మాత్రం పూర్తి చేయమనండి. మొక్కంతా కొట్టేయలేదు. ఒంటికి ఊరికే బాధ కలిగించేది తీసేసి, ఆరాధన అయినదాన్ని ఉంచారు. నాకు ఈ విడదీయడం చాలా నచ్చుతుంది.

రెండోది, ఆషూరా, మొహర్రం పదో రోజు. 680లో కర్బలాలో ప్రవక్త మనవడు ఇమామ్ హుసైన్ అమరులైనందుకు షియాలు గుండెలు బాదుకుంటారు, కొందరు కత్తులతో నెత్తురు కారుస్తారు. 1994లో ఇరాన్‌లో అప్పటి సుప్రీం లీడర్ ఖమేనీ ఈ కత్తుల పద్ధతి తప్పని ఫత్వా ఇచ్చారు. ఇప్పుడు చాలా దేశాల్లో ఆరోజు రక్తదానం చేస్తారు. అందరూ ఒప్పుకున్నారని కాదు, దీనిమీద షియా పండితుల్లోనే వాదన ఉంది. మాకు చుట్టమయ్యే ఒకాయన ఏటా రక్తం ఇచ్చి వస్తాడు. "నెత్తురు పోయేదెలాగూ పోతుంది, ఎవరికో ఎక్కితే మంచిది కదా" అంటాడు.


సందేహాలరావు • బుధవారం, ఉదయం 8:22

తెల్లకాగితం గారు చెప్పినది బాగుంది. కాఫీ తాగాను, ఇప్పుడు కాస్త నెమ్మదిగానే రాస్తాను.

నిన్న రాత్రి కూర్చుని ఈ విషయం మీద జరిగిన ప్రయోగాలు చదివాను. ఒకటి 2011లో వచ్చింది. కొందరిని తాము చేసిన చెడ్డ పని గురించి రాయమన్నారు, తర్వాత ఐసునీళ్లలో చేయి పెట్టమన్నారు. మామూలు సంగతి రాసినవాళ్లకంటే వీళ్లు ఎక్కువసేపు చేయి ఉంచారు. ఉంచాక తప్పు చేశామన్న బాధ తగ్గింది. అంటే శిక్ష పడితే లెక్క సరిపోయిందనే గుమాస్తా మన బుర్రలోనే ఉన్నాడు. దేవుణ్ని నమ్మకపోయినా ఉన్నాడు. నాకూ ఉన్నాడేమో.

మారిషస్‌లో తైపూసం రోజునే ఇంకొకటి చేశారు, 2013లో వచ్చింది. ఊరికే ప్రార్థన చేసినవాళ్లకంటే ఒళ్లు గుచ్చుకుని రథం లాగినవాళ్లు ఆ వెంటనే గుడికి ఎక్కువ డబ్బు దానం చేశారు. ఎంత నొప్పి పడితే అంత ఎక్కువ. పక్కన నడిచినవాళ్లు కూడా దాదాపు అంతే ఇచ్చారు. దీన్నిబట్టి నా అనుమానం వేరే. గుడి నడిపేవాళ్లకు ఇది తెలియదంటారా?


పాతపుటలు • బుధవారం, ఉదయం 9:02

అనుమానం న్యాయమే. కానీ చరిత్రలో చాలాసార్లు తలకిందులుగా జరిగింది. నొప్పి జనం చేతిలోకి పోతే అధికారంలో ఉన్నవాళ్లు భయపడ్డారు.

1260లో ఇటలీలోని పెరుజియాలో మొదలైంది, వీధుల్లో గుంపులుగా కొరడాలతో కొట్టుకుంటూ ఊరేగడం. 1348, 49ల్లో ప్లేగు వచ్చినప్పుడు జర్మనీ అంతా పాకింది. ఒక్కో ఊరేగింపు 33 రోజులన్నర, క్రీస్తు బతికిన ఏళ్లకు ఒక్కో రోజు లెక్కన. పాపాలు కడగడానికి మాకు పూజారి అక్కర్లేదు, మా నెత్తురే చాలు అనే దాకా పోయారు. 1349 అక్టోబరులో పోప్ క్లెమెంట్ ఆరు దీన్ని నిషేధించాడు. నిషేధానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ గుంపులు వెళ్లిన ఊళ్లలో యూదులమీద దాడులు రేగాయి. తమను కొట్టుకున్న చేతులు అక్కడితో ఆగలేదు. ఈ భాగాన్ని మనం తేలిగ్గా మరిచిపోతాం.

దీనికి పూర్తిగా ఎదురు మనిషి థామస్ బెకెట్. ఇంగ్లండ్‌లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు. 1170లో హత్య చేశాక శవం బట్టలు విప్పితే లోపల గరుకు వెంట్రుకల చొక్కా కనిపించింది. అంత దాచుకున్నాడు. చూపించుకునే నొప్పి, దాచుకునే నొప్పి ఒకటి కావు. ఉపవాసమున్నప్పుడు ముఖం వాడ్చుకోకుండా తలకు నూనె రాసుకుని, మొహం కడుక్కో అని మత్తయి సువార్తలో కూడా ఉంది.


గడ్డిపోచ • బుధవారం, రాత్రి 11:36

దాచుకునే నొప్పి గొప్పదన్నట్టు అర్థమవుతోంది, అందుకని రాస్తున్నాను. ఇక్కడ చదవడమే గాని రాయడం ఇదే మొదటిసారి.

కాలేజీ రోజుల్లో నేను ఉపవాసాలు మొదలుపెట్టాను. వారానికి ఒకరోజు, తర్వాత మూడు, తర్వాత లెక్క పోయింది. ఇంట్లో "భక్తి ఎక్కువ" అని మెచ్చుకునేవాళ్లు. నిజానికి నేను నన్ను ద్వేషించుకుంటున్నాను. డైటింగ్ అంటే అమ్మ తిట్టేది. దేవుడంటే ఎవరూ అడ్డం రారు. ఒకరోజు బస్టాండులో పడిపోయాక గాని డాక్టరు దగ్గరికి పోలేదు.

ఇటలీలో సియెనాకు చెందిన కేథరిన్ అనే సెయింట్ గురించి తర్వాత చదివాను. 1380లో, 33 ఏళ్లకు పోయింది. తినమని ఆమె గురువు రేమండ్ కూడా బతిమాలాడు, తినలేకపోయింది. ఆమెది భక్తా, జబ్బా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. నేను వాదించను. చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి, అంతే.

నాకు తెలిసిన తేడా చెబుతా. బాటసారి గారి కావడికి ఒక తేదీ ఉంది, పక్కన మనుషులున్నారు, అది అయిపోయింది. నాదానికి తేదీ లేదు, ఎవరికీ తెలియదు, ఎంత చేసినా చాలేది కాదు. డాక్టర్ల పుస్తకాల్లో కూడా మత ఆచారంలో భాగంగా చేసేదాన్ని స్వీయహింస అనే జబ్బు కింద లెక్కపెట్టరని నా కౌన్సెలర్ చెప్పింది. కానీ గీత ఎక్కడుందో బయటినుంచి చూసేవాళ్లకు కనబడదు. ఎవరైనా నాలాగా ఉంటే దయచేసి ఒక్కరికైనా చెప్పండి. దేవుడికి ఎలాగూ తెలుసు, మనిషికి చెప్పండి.

వానకోయిల గారూ, మీ అమ్మగారు మీకు చెప్పారు. అది నాకు మంచి గుర్తుగా కనిపిస్తోంది.


నర్సక్క • గురువారం, ఉదయం 5:50

గడ్డిపోచా, నైట్ డ్యూటీ దిగుతూ చదివాను. రాసినందుకు సంతోషం తల్లీ. ఇప్పుడు తింటున్నావా?


గడ్డిపోచ • గురువారం, ఉదయం 7:15

తింటున్నా అక్కా. ఆరేళ్లయింది.


పాతపుటలు • గురువారం, ఉదయం 10:20

గడ్డిపోచ గారూ, దాచుకుంటే గొప్ప అని అర్థం వచ్చేలా రాసింది నేనే. తప్పు. దిద్దినందుకు థాంక్స్. హెన్రీ సూసో అని పద్నాలుగో శతాబ్దపు జర్మన్ సన్యాసి, మేకులు కొట్టిన శిలువను వీపుకు కట్టుకుని తిరిగినవాడు, నలభయ్యో ఏట అవన్నీ వదిలేశాడు. ఇక చాలని దేవుడే చెప్పాడని నమ్మాడు. ఆ "చాలు" అన్నది కొందరికి వినిపించదు.

వానకోయిల గారికి పనికొచ్చేది ఒకటి. మొక్కును మార్చుకోవడానికి దాదాపు అన్ని చోట్లా దారి ఉంది. కేథలిక్ చట్టంలో, సొంతంగా మొక్కుకున్న మనిషి దాన్ని అంతే మంచిదో, అంతకంటే మంచిదో అయిన పనిగా తనే మార్చుకోవచ్చు. యూదుల్లో ముగ్గురి ముందు చెప్పి మొక్కునుంచి విడుదల పొందే పద్ధతి ఉంది. ఇస్లాంలో పరిహారం ఉంది.


తెల్లకాగితం • గురువారం, ఉదయం 10:41

అవును, ప్రమాణం తప్పితే పదిమంది పేదలకు అన్నం పెట్టడం. మొక్కు తప్పినా పరిహారం అదే.


సందేహాలరావు • గురువారం, ఉదయం 11:00

ఇన్ని మతాల్లో ఇంత తయారుగా ఉందంటే, ఆవేశంలో మొక్కుకుని తర్వాత తల పట్టుకున్నవాళ్లు ఎప్పుడూ ఎక్కువే అన్నమాట. మనుషులంటే కాస్త గౌరవం పెరిగింది.

వానకోయిల గారూ, ఇంకో ప్రయోగం సంగతి చెప్పకుండా ఉండలేను. స్పెయిన్‌లో సాన్ పెద్రో మాన్రికే అనే చిన్న ఊళ్లో ఏటా జూన్‌లో నిప్పులమీద నడుస్తారు. నడిచేవాళ్లకూ చూసేవాళ్లకూ గుండె చప్పుడు కొలిచే పట్టీలు కట్టారు. నడిచేవాడి గుండె ఎలా ఎగిసిపడిందో, గట్టుమీదున్న అతని చుట్టాలు, స్నేహితుల గుండె కూడా అలాగే ఎగిసిపడింది. ఏ సంబంధం లేని ప్రేక్షకుల గుండె మామూలుగానే ఉంది. మీకు ఎందుకిలా ఉందని మొదట అడిగారు కదా. ఇందుకే. మొదటి రోజు నేను వెటకారంగా రాసినదానికి సారీ.


వానకోయిల • శనివారం, సాయంత్రం 6:30

అందరికీ చాలా థాంక్స్. నిన్న అమ్మతో మాట్లాడాను. వద్దని అనలేదు. "ఆరోజు సరిగ్గా ఏమని మొక్కుకున్నావు, అక్షరం పొల్లు పోకుండా చెప్పు" అన్నాను. మొదట కసురుకుంది. తర్వాత ఆ బెంచీ సంగతంతా చెప్పింది. పక్కన ఎవరో పెద్దగా ఫోన్‌లో మాట్లాడుతున్నారట, లైటు ఒకటి మిణుకుమిణుకుమంటోందట, లోపలినుంచి ఎవరూ రావడం లేదట. నాలుగు నెలల్లో ఇవేవీ చెప్పలేదు నాకు.

ముసలాయన, ఇద్దరు కొడుకుల కథ చెప్పాను. విని ఊరుకుంది. కాసేపయ్యాక "మోకాళ్లమీద మెట్లెక్కుతానన్నాను గాని అన్నీ అని అన్నానో లేదో గుర్తులేదు" అంది. అంత మాట ఎలా మర్చిపోయిందో నాకైతే తెలియదు, అడగలేదు కూడా.

ఇప్పుడు ఒప్పందం: కింద మూడు మెట్లు, పైన మూడు మెట్లు మోకాళ్లమీద. మధ్యలో వాహనం. మోకాళ్లకు ప్యాడ్లు కడతానంటే మాత్రం ఒప్పుకోలేదు, "అలాగైతే ఎక్కడమెందుకు" అంది. మందపాటి గుడ్డ చుట్టుకోవడానికి ఒప్పుకుంది. నేను చేయి పట్టుకోకూడదట, పక్కన నిలబడొచ్చట.

నర్సక్కా, షుగర్ పదకొండేళ్లుగా ఉంది. పాదాలు తిమ్మిరిగా ఉంటాయని అంటూనే ఉంటుంది. వెళ్లేది వచ్చే ఆదివారం.


నర్సక్క • శనివారం, రాత్రి 8:12

పదకొండేళ్లు, తిమ్మిరి కూడా ఉంది కదా, ఈ వారంలోనే డాక్టరుకు పాదాలు ఒకసారి చూపించండి. షుగర్ కూడా చూసుకోండి. గుడ్డ కొత్తది వద్దు, ఉతికి మెత్తబడ్డది చుట్టండి, ముడి మోకాలి మీదికి రాకూడదు. ఉదయం ఎండ ఎక్కకముందే వెళ్లండి, రాయి కాలిపోతుంటే ఆవిడకు తెలియదు. ఏమైనా తిని బయల్దేరండి. చెప్పులు లేకుండా నడిపించకండి.

రాత్రికి ఇంటికొచ్చాక టార్చి వేసి మోకాళ్లూ అరికాళ్లూ మీ కళ్లతో చూడండి. తర్వాత మూడు రోజులు కూడా చూడాలి. నొప్పి లేదంటారు, నమ్మకండి.


వానకోయిల • శనివారం, రాత్రి 8:20

ఇప్పుడే అమ్మ నా వెనకనుంచి చదివింది. "నాకెందుకు తెలియదు, అన్నీ తెలుస్తాయి" అంటోంది.


నర్సక్క • శనివారం, రాత్రి 8:21

అమ్మా నమస్తే. అయినా టార్చి వేయించుకోండి.